పదమూడు నెలల ఏడాది

కళ్లజోళ్ల కొట్టు, వెనక గది
ఆగస్టు 31

పొట్టీ,

ఇవాళ్టికి ఆరు నెలలు కలిపితే ఏ తేదీ అవుతుందో చెప్పు. వేళ్ల మీద లెక్కపెట్టాను. ఫిబ్రవరి ముప్పై ఒకటి వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ అదే వచ్చింది. లేని రోజుని ఎక్కడని వెతకను? పొద్దస్తమానం మందుల తేదీలు లెక్కగట్టే దానివి, నీకు చిటికెలో పని.

ఎందుకని అడక్కు. ఫోన్ కూడా చెయ్యకు. ఫోనెత్తితే ‘ఎలా ఉన్నావక్కా’ అంటావు. ఆ ప్రశ్నకి ఈమధ్య నా దగ్గర జవాబు ఉండటం లేదు. కాగితమైతే ఆ ప్రశ్న దాటేసి కిందికి పోవచ్చు.

కొట్లో పని మామూలే. ఇవాళ ఒక పెద్దాయన్ని కూచోబెట్టి అద్దాలు మారుస్తూ, ‘ఇది బాగుందా, ఇది బాగుందా’ అని అడుగుతుంటే, ‘అమ్మా, నీకేది సులువైతే అది పెట్టెయ్’ అన్నాడు. వెనక వరసలో వాళ్లందరూ నవ్వారు. నేను నవ్వలేదని చాలాసేపటికి గుర్తొచ్చింది.

తేదీ రాయి, చాలు.

అక్క


ల్యాబు క్యాంటీను, కిటికీ పక్క బల్ల
సెప్టెంబరు 6

అక్కా,

ఫిబ్రవరి ఇరవై ఎనిమిది. ఇదిగో, అడిగింది చెప్పేశాను. ఇక నన్ను కాస్త వాగనీ.

ఆగస్టు ముప్పై ఒకటంటే మా ల్యాబులో అందరికీ హడలు. మా పని నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదనుకుంటా. కొత్తగా చేసిన మాత్రల్ని ఒక గదిలో పెడతాం. గదంటే గది కాదు, పెద్ద ఇనప బీరువా. లోపల ఏడాది పొడుగునా ఉక్కపోతే. మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి తీసి చూస్తాం, రంగు మారిందా, వేలితో నొక్కితే పొడి రాలుతోందా, మందు ఇంకా మందులాగే ఉందా అని. బీరువాలో పెట్టిన రోజే తీయాల్సిన తేదీ రాసి అతికించాలి. నెలాఖరున పెడితే నీకొచ్చిన చిక్కే మాకూ వస్తుంది. ఆ నెలలో అలాంటి తేదీ లేకపోతే, ఉన్నవాటిలో చివరి రోజు తీసుకోవాలి. అదీ మా నియమం.

ఇవి మామూలు మనుషుల నెలలు సుమా, మీ ఇంటి నెలలు కావు! బావ సముద్రం మధ్య చమురు తోడే రిగ్గు మీద నాలుగు వారాలు క్రేను నడిపి, నాలుగు వారాలు ఇంట్లో ఉండే రోజుల్లో మీ ఇంట్లో నెలంటే నాలుగు వారాలే కదా. మీ పిల్ల మూడో తరగతి పరీక్షలో ‘ఏడాదికి పదమూడు నెలలు. ఒకటి నాన్న ఉన్న నెల, ఒకటి నాన్న లేని నెల’ అని రాసి సున్నా తెచ్చుకుంది. నువ్వు బడికెళ్లి టీచరుతో పోట్లాడబోయి, కుర్చీలో కూచున్నాక నవ్వాపుకోలేక లేచొచ్చేశావు. నాకింకా కళ్లకి కట్టినట్టుంది.

అడక్కూడదన్నావు కాబట్టి అడగను. కానీ ఆర్నెల్ల తర్వాత రమ్మనేది డాక్టర్లే. ఒంట్లో ఎలా ఉంది? ఏదైనా గడ్డా? దాచావంటే నీతో మాట్లాడను. ఎలాగూ ఫోన్ చెయ్యనివ్వడం లేదనుకో.

నీ పొట్టి


ఇల్లు, వంటగది గట్టు
సెప్టెంబరు 20

పొట్టీ,

గడ్డా లేదు, గిడ్డా లేదు. మీ బావా నేనూ విడిపోతున్నాం.

ఆ రోజు పొద్దున కోర్టుకెళ్లి, మధ్యాహ్నం కొట్టుకొచ్చి నీకు ఉత్తరం రాశాను. జడ్జి ఆడమనిషి. ఆవిడ కళ్లజోడు పవరు సరిగ్గా లేదు, కాగితాన్ని చెయ్యంత దూరంలో పట్టుకుని చదివింది. నేను దాన్నే చూస్తూ కూచున్నాను.

‘చెయ్యి చేసుకుంటాడా?’ అని అడిగింది.

‘లేదండీ.’

‘ఇంకెవరైనా ఉన్నారా, ఈయనకి గానీ, మీకు గానీ?’

‘లేరండీ.’

‘మరి దేనికమ్మా?’

మీ బావ నావైపు చూశాడు. నేను ఆయనవైపు చూశాను. పరీక్షలో జవాబు రాని ఇద్దరు పక్కవాడి పేపర్లోకి తొంగి చూసుకున్నట్టు.

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ‘ఆరు నెలలు ఆలోచించుకోండి. ఈలోగా ఏమైనా అనిపిస్తే మంచిదే. నిండాక ఇద్దరూ కలిసి రండి’ అంది. బయట గుమస్తాని, ‘ఆరు నెలలంటే ఏ తేదీ అండీ’ అని అడిగాను. ‘మీరే చూసుకోవాలమ్మా’ అన్నాడు. అంతే జరిగింది.

దేనికని నువ్వూ అడుగుతావు. మీ బావ రిగ్గు మానేసి ఒడ్డుకొచ్చి రెండేళ్లయింది. మొదటి నాలుగు వారాలు పండగలా గడిచాయి. ఐదో వారం మొదలవగానే ఆయన అటక మీది పెట్టె వైపు చూడటం నేను చూశాను. నేను చూడటం ఆయన చూశాడు. నాలుగు వారాలకి మించి ఒక మనిషితో ఎలా ఉండాలో మా ఇద్దరికీ రాదు. ఇదివరకు చిన్న గొడవొస్తే, పోనీలే, ఎల్లుండి వెళ్లిపోతాడు కదా అని మింగేసేదాన్ని. ఆయనా అంతే. ఇప్పుడు ఎల్లుండి ఎక్కడికీ వెళ్లడు. కొన్నాళ్లకి గొడవలూ ఆగిపోయాయి. ఒకరికొకరం అడ్డం రాకుండా గోడ పక్కనుంచి నడుస్తున్నాం. ఇప్పుడాయన టైర్ల కొట్టు మీద గది తీసుకున్నాడు. ఇల్లు ఖాళీ అయినట్టు కూడా లేదు.

పొట్టీ, ఆ తేదీ లోగా నాకేదైనా అనిపించాలి. కోపమైనా సరే, బెంగైనా సరే. సంతకం పెట్టడానికి నాకు భయం లేదు. ఏమీ అనిపించకుండానే, చీటీ మీద పవరు రాసిచ్చినట్టు పెట్టేసి వస్తానేమోనని భయం. ఇన్నేళ్ల కాపురానికి ఆ మాత్రం మర్యాదైనా చెయ్యలేకపోతానేమోనని.

ఇప్పటికైతే ఏమీ లేదు.

అక్క


మా ఇల్లు, మంచం మీద, వీపుకి దిండు ఆనించి
అక్టోబరు 4

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒంటికాలి మీద లేచాను. ఐదో వారం వచ్చిందని ఎవరైనా మొగుణ్ని వదిలేస్తారా? తాగడు, తిట్టడు, అరుగు మీద కూచుని పేపరు చదువుకుంటాడు. అలాంటి వాణ్ని! ఇవన్నీ నాలుగు పేజీలు రాసి చించేశాను. నేనెవర్ని చెప్పడానికి? ఒక్క వారం కూడా ఎవరితోనూ ఉండి చూడని దాన్ని. నా ఇంట్లో కప్పు నేను పెట్టిన చోటే ఉంటుంది. దాన్ని సుఖమని ఒకరోజు అనుకుంటాను, ఒకరోజు అనుకోను.

మా బీరువాలో మాత్రలు ఆర్నెల్ల తర్వాత కూడా మారకుండా ఉంటే మేం సంబరపడతాం. మీ జడ్జిగారేమో మార్పొస్తుందేమోనని ఆర్నెల్లు ఇచ్చింది. మరి నీలో మార్పు రాకపోతే అది మంచి గుర్తో చెడ్డ గుర్తో, ఎటు తిప్పి ఆలోచించినా నాకు తేలలేదు.

ఒక్కటి మాత్రం నా ఉద్యోగం నేర్పింది. నెలలు కలిపేటప్పుడు ఎప్పుడూ మొదలుపెట్టిన తేదీ నుంచే కలపాలి. నెల మీద నెల కలుపుకుంటూ పోకూడదు. ఆగస్టు ముప్పై ఒకటి నుంచి సెప్టెంబరు ముప్పైకి దిగావనుకో, అక్కణ్నుంచి అక్టోబరు ముప్పై, నవంబరు ముప్పై. అక్టోబరుకి ముప్పై ఒకటి ఉన్నా సరే, నువ్వు ముప్పై మీదే ఉండిపోతావు. ఒకసారి రాలిన రోజు మళ్లీ చేతికి రాదు. మీరిద్దరూ కూడా ఆ ఐదో వారం నుంచి కాకుండా, మొదట్నుంచి ఒకసారి కలిపి చూడకూడదా?

ఇది సలహా కాదు. సలహానే, కానీ తిట్టకు.

నీ పొట్టి


కళ్లజోళ్ల కొట్టు, వెనక గది
డిసెంబరు 13

పొట్టీ,

జవాబు ఆలస్యమైంది. రాయడానికి ఏమీ లేక.

మొదట్నుంచి కలిపి చూడమన్నావు. చూశాను. గుర్తున్నవన్నీ బాగానే ఉన్నాయి. ఆయన వచ్చే రోజు పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని వేలాడటం, రిగ్గు హోరుకి ఆయన చెవులు దిబ్బళ్లేసి మేం చెప్పేది సగం వినబడక అన్నిటికీ ‘సరే సరే’ అనడం. అన్నీ ఉన్నాయి. ఎవరిదో పెళ్లి ఆల్బం తిరగేసినట్టుంది. ఎక్కడో ఒక రోజు రాలిపోయింది పొట్టీ. నువ్వన్నట్టు, తర్వాతి నెలకి ముప్పై ఒకటి ఉన్నా మేం ముప్పై మీదే ఉండిపోయాం.

పోయిన ఆదివారం మీ బావ వచ్చాడు, పనిముట్ల డబ్బా కోసం.

‘కుళాయి కారుతోందే’ అన్నాడు.

‘కారనీ.’

‘వాషరు వేస్తే పోతుంది.’

‘నాకా చప్పుడు అలవాటైపోయింది.’

‘అయితే సరే’ అన్నాడు. అయినా వంగి బిగించాడు. వెళ్లిపోయాక ఇంట్లో ఏ చప్పుడూ లేదు. నాకప్పుడైనా ఏదో అనిపించాలి కదా. కుర్చీలో కూచుని దానికోసం చూశాను, బస్సుకోసం చూసినట్టు. రాలేదు. లేచి అన్నం తిన్నాను.

పిల్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసి, ‘అమ్మా, నువ్వు ఏడిస్తే నాకు బాగుండేది. నువ్విలా మామూలుగా ఉంటే భయమేస్తోంది’ అంది. ఏడుపు నటించడం రాదన్నాను. ‘పిన్నికి చెప్తా నీ సంగతి’ అంది. చెప్పిందా?

రోజూ అందర్నీ ‘ఇది బాగుందా, ఇది బాగుందా’ అని అడుగుతాను. నాకు ఏ అద్దం పెట్టినా ఒకేలా ఉంది.

అక్క


మా ఇల్లు, భోజనాల బల్ల
ఫిబ్రవరి 16

అక్కా,

పిల్ల చెప్పింది. అది కాదు ఇప్పుడు రాయాల్సింది. నీకు చెప్పాలా వద్దా అని రాత్రంతా తేల్చుకోలేకపోయాను. చెప్పేస్తున్నాను.

నిన్న ల్యాబుకి సెలవు పెట్టి ఇల్లు దులుపుకుంటుంటే తలుపు చప్పుడైంది. తీస్తే బావ. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం, చేతిలో ప్లాస్టిక్ కవరు.

‘ఏం మరదలా, ఇంకా పొడుగవలేదా?’ అన్నాడు.

‘మీరే పొట్టి అవుతున్నారు బావా, జుట్టు రాలిపోయి. ఇలా ఊడిపడ్డారేంటి?’

‘కోర్టుకెళ్లొస్తున్నా. మీ ఇల్లు అక్కడికి దగ్గరే కదా.’

చేతిలో చీపురు పక్కన పడేశాను. ‘కోర్టుకా? అక్కేదీ?’

‘రాలేదు. బెంచీ మీద చాలాసేపు చూశాను. గుమస్తా పాపం జాలిపడి, ఏమండీ, ఇంకా రెండు వారాలుందిగా, ఇప్పుడే వచ్చారేం అన్నాడు.’

అక్కా, నాకు నషాళానికంటింది. ఎప్పుడూ ఆయన్ని ఒక్క మాట అనని దాన్ని, ‘అంత తొందరగా ఉందా బావా? రెండు వారాలు ఓపిక పట్టలేకపోయారా?’ అనేశాను.

‘తొందరేం లేదు. లెక్కలో తేడా వచ్చింది.’

‘ఆరు నెలలు కలపడం రాదా మీకు? ఇన్నేళ్లు ఆ క్రేను మీద కూచుని ఏం చేశారు?’

‘క్రేనుకి తేదీలుండవు మరదలా. బరువులే’ అన్నాడు నవ్వుతూ. నవ్వేసరికి నాకింకా మండింది. టీ ఇచ్చాను. తాగి, కప్పు కడిగి, ఎప్పట్లాగే బోర్లించి పెట్టాడు. చెప్పులేసుకుంటూ, ‘చలి దుప్పటి మీ అక్క దింపుకుందా? పై అరలో పెట్టాను, దానికి అందదు’ అన్నాడు. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయాడు.

ఇన్నాళ్లూ నీకు నచ్చజెప్పాలని చూశాను. ఇక చూడను. మనిషి చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ, ఎప్పుడెప్పుడా అని ముందే వెళ్లి కూచున్నాడు. పెట్టెయ్యి సంతకం. ఏమీ అనిపించకపోతేనేం, ఆయనకి మాత్రం ఏం అనిపించింది గనక!

నీ పొట్టి


కళ్లజోళ్ల కొట్టు, వెనక గది
ఫిబ్రవరి 20

పొట్టీ,

ఆయనకి తొందర లేదు. లెక్కా తప్పలేదు.

పదమూడు నెలల సంగతి నాకు గుర్తుచేసింది నువ్వే. తేదీలే నీ బతుకుతెరువు. అయినా కోపంలో నీకు తట్టలేదు. ఆగస్టు ముప్పై ఒకటి సోమవారం. నువ్వు తలుపు తీసిందీ సోమవారమే. ఆర్నెల్లంటే ఆయనకి ఆరు నాలుగుల ఇరవై నాలుగు వారాలు. రిగ్గు మానేసినా, ఇల్లు వదిలేసినా, టైర్ల కొట్టు మీద ఒక్కడే కూచుని మా ఇంటి నెలలే లెక్కపెట్టుకున్నాడు. మా ఇంట్లో ఇంకెవరూ ఆ నెలలు వాడటం లేదు. నేనే నిన్ను తేదీ అడిగి, ఊరందరి లెక్కలోకి వెళ్లిపోయాను.

నీ ఉత్తరం చదివినప్పుడు ఒకావిడ కుర్చీలో ఉంది. జేబులో పెట్టుకుని ఆవిడకి అద్దాలు మారుస్తున్నాను. ‘ఏమ్మా, ఏదీ అడగవేం? అదీ ఇదీ పెడుతున్నావు, తీస్తున్నావు’ అంది. చెయ్యి దానంతటది ఆడుతోంది. ‘ఒక్క నిమిషమండీ’ అని వెనక గదిలోకొచ్చి నిలబడ్డాను.

ఏం అనిపించిందో రాయమంటావు. ప్రేమ అని రాస్తే అబద్ధం. పన్ను పీకించుకున్నాక మత్తు దిగేటప్పుడు ముందు నొప్పి తెలియదు. ఇక్కడో పెదవి ఉందని తెలుస్తుంది, అంతే. అలాంటిది.

ఆయనకి ఫోన్ చేశాను. ‘ఇరవై ఎనిమిది ఆదివారం పడింది. సోమవారం, మార్చి ఒకటిన రావాలి’ అన్నాను. ‘సరే’ అన్నాడు. ఫోన్ పెట్టెయ్యబోయి, ‘దుప్పటి దింపుకున్నాను. కుర్చీ వేసుకుని’ అన్నాను. ‘ఆ కుర్చీ కాలు ఊగుతుంది, జాగ్రత్త’ అన్నాడు.

సంతకం పెడతానా లేదా అని అడక్కు. ఆ నెలల్లో మేం బాగా బతికాం. ఆ నెలలున్న ఇల్లు ఇప్పుడు లేదు. ఈ రెండూ నిజమే. రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకేలా మాత్రం లేవు.

ఆయన మీద అరిచినందుకు బాధపడకు. నీ అరుపుకి నవ్వాడంటే, ఆయనకి నచ్చే ఉంటుంది. మా ఇంట్లో ఎవరూ అరిచి చాలా రోజులైంది.

అక్క


కోర్టు, మెట్ల పక్క బెంచీ
మార్చి 1

పొట్టీ,

అయిపోయింది. ఇద్దరం పెట్టాం. ముందు నేను, తర్వాత ఆయన.

జడ్జిగారు కొత్త కళ్లజోడు చేయించుకుంది. ఈసారి కాగితాన్ని సరైన దూరంలో పట్టుకుంది. ‘ఈలోగా ఏమైనా అనిపించిందామ్మా?’ అని అడిగింది. ‘అనిపించిందండీ’ అన్నాను. మీ బావ తలతిప్పి నన్ను చూశాడు. ‘మరి?’ అంది ఆవిడ. ‘అందుకే ఇవాళ పెట్టగలుగుతున్నానండీ’ అన్నాను. ఆవిడకి అర్థమైందో లేదో గానీ మీ బావకి అర్థమైంది. తల దించుకుని చాలాసేపు చొక్కా గుండీ సరిచేసుకున్నాడు.

బయటికొచ్చాక గుమస్తా, ‘తీర్పు నకలు కావాలంటే ఒక నెలాగి రండి’ అన్నాడు. తలుపేసుకున్నాడు.

వరండాలో ఇద్దరమే మిగిలాం. మీ బావ పర్సులోంచి క్యాలెండరు కార్డు తీశాడు, ఏడాదంతా ఒకే ముక్క మీద ఉంటుందే, అది. చిన్న చిన్న గళ్లు. కళ్లజోడు లేకుండా చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూశాడు. ఆయనకి చత్వారం వచ్చిందని నాకిప్పటిదాకా తెలియదు, చూడు. వేలు సోమవారాల మీదుగా దింపుకుంటూ పోయి మార్చి ఇరవై తొమ్మిది మీద ఆపాడు. ఆపి, తలెత్తకుండానే అడిగాడు.

‘నెలంటే, మన నెలా, వాళ్ల నెలా?’

‘వాళ్లదే’ అన్నాను.

‘ఊఁ’ అన్నాడు. వేలు మాత్రం అక్కడే ఉంది. ఎటు జరపాలో తెలియనట్టు.

నేనే ఆ వేలు పట్టుకుని ముప్పై దాటించి, ముప్పై ఒకటి దాటించి, ఏప్రిల్ ఒకటి మీద పెట్టాను.

ఆయన బస్సెక్కి వెళ్లిపోయాడు. నువ్వు ల్యాబులో ఉంటావని, నేనిక్కడే కూచుని నీకిది రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతుంటే ఏమనుకోకు.

ఆయన వేలు చల్లగా ఉంది పొట్టీ. చల్లగా ఉందని నాకు తెలిసింది.

అక్క